పాత పేపర్ల కట్ట దొరికితే ముందు విడదీయకండి

మండపేట దగ్గర మీ అమ్మమ్మగారి మండువా ఇల్లు పడగొడుతుంటే అటక మీది కావిడిపెట్టెలో పాత పేపర్లు బయటపడ్డాయన్నారు. ఆంధ్రపత్రికలు, కొన్ని కృష్ణాపత్రికలు, పేరు సగం చిరిగిపోయిన చిన్న వారపత్రికలు. వీటితో మొదలుపెట్టి తెల్లవాళ్ళ కాలం నాటి పత్రికలు సేకరించాలని ఉంది, ఏవి ఉంచుకోవాలి, ఏవి అమ్మెయ్యొచ్చు, ఎలా దాచాలి అని అడిగారు. పనిలో పనిగా రాజమండ్రిలో ఒకాయన "1874 నాటిది" అంటూ చూపిస్తున్న పత్రిక కొనొచ్చా అని కూడా.

ముందు ఒక్క మాట. "ముఖ్యమైన తేదీల పేపర్లు" ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టానని రాశారే, అది ఈ పూటే ఆపెయ్యండి. ఏరినవి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టగలిగితే పెట్టండి. ఏ కాగితం కింద ఏ కాగితం ఉంది, ఏవి కలిపి కట్టారు, మధ్యలో ఉత్తరాలో రసీదులో ఉన్నాయా, ఇవన్నీ ఫోన్లో ఫొటోలు తీశాకే కట్ట కదపాలి. ఆ కట్ట కట్టిన మనిషికి ఒక వరస ఉంది. అది పోతే మీ చేతిలో మిగిలేది విడి కాగితాలే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళందరూ తేదీల వెంట పడతారు. 15 ఆగస్టు 1947 పేపరు కావాలి, అల్లూరి సీతారామరాజు చనిపోయిన నాటి పేపరు కావాలి అంటారు. 1947 ఆగస్టు 15 పేపరు ఆ రోజు ఇంటింటా దాచుకున్నారు, అందుకే అది అంత అరుదేం కాదు. పైగా దాన్ని తర్వాత జ్ఞాపికలుగా మళ్ళీ మళ్ళీ అచ్చువేశారు. బజార్లో ఫ్రేము కట్టి అమ్మేవాటిలో చాలా భాగం అవే. ఇక సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపారు. ఆ తేదీ వేసిన పేపరు సంపాదించి అందులో ఆ వార్త వెతికితే ఏముంటుంది? మన్యం ఏజెన్సీ కొండల నుంచి కబురు రావాలి, మద్రాసులో అచ్చవ్వాలి, రైలెక్కి గోదావరి దాటాలి. మీక్కావలసింది ఆ తర్వాతి రోజుల సంచికలు. వాటిలోనూ మొదట కనబడేది ప్రభుత్వం వాళ్ళ ప్రకటనే.

ఆంధ్రపత్రిక సంగతి చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టారు, 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. దాని పాత సంచికలు పెద్ద గ్రంథాలయాల్లో ఉన్నాయి, ప్రెస్ అకాడమీ వాళ్ళు చాలా భాగం స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. మీ దగ్గరున్న కాపీని రేపు చెదలు తినేసినా అందులోని వార్త పోదు. కృష్ణాపత్రికదీ ఇంచుమించు అదే పరిస్థితి. 1902లో బందరులో మొదలై, ముట్నూరి కృష్ణారావు గారి చేతిలో దశాబ్దాలపాటు నడిచింది కాబట్టి దాని విలువ తెలిసి దాచినవాళ్ళు చాలామందే ఉన్నారు.

మరి పేరు చిరిగిపోయిందని మీరు అడుగున పడేసిన ఆ నాలుగు పేజీల వారపత్రికలో? అవి రాజమండ్రిలోనో కాకినాడలోనో ఏలూరులోనో ఏ చిన్న ప్రెస్సులోనో అచ్చయి, ఆ చుట్టుపక్కల చందాదార్లకే వెళ్ళి, ఏడాదో రెండేళ్ళో నడిచి ఆగిపోయినవి. వాటికి ఇంకో ప్రతి ఎక్కడా ఉండకపోవచ్చు. నా లెక్కలో మీ పెట్టెలో అన్నిటికంటే విలువైనవి అవే. ఆంధ్రపత్రికలు ఆ తర్వాత.

మన డెల్టాకి ఈ విషయంలో చిన్న చరిత్రేం కాదు. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బడిపంతులుగా ఉంటూ 1874 అక్టోబరులో వివేకవర్ధని మొదలుపెట్టారు. చిలకమర్తి వారు రాజమండ్రి నుంచి మనోరమ, దేశమాత నడిపారు. సత్తిరాజు సీతారామయ్య గారి హిందూసుందరి 1902లో ఏలూరులో పుట్టి తర్వాత కాకినాడ చేరింది. కాకినాడలోనే పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారి సావిత్రి. సీతానగరం వైపు నుంచి మద్దూరి అన్నపూర్ణయ్య గారి కాంగ్రెస్ పత్రిక. ఈ పేర్లు నోటికి వచ్చేలా పెట్టుకోండి, ఎందుకంటే పాత సామాన్ల కొట్టులో మాసిపోయిన పేరులో రెండక్షరాలు కనబడినా గుర్తుపట్టాలి. పేర్లలో తికమక కూడా ఉంది. వీరేశలింగం గారిది వివేకవర్ధని, హాస్యసంజీవని. ఆయనతో కలం పోట్లాట పెట్టుకున్న కొక్కొండ వెంకటరత్నం పంతులు గారిది ఆంధ్రభాషాసంజీవని, హాస్యవర్ధని. అటుదిటు చెప్పి అమ్మేవాళ్ళను చూశాను. పాపం, వాళ్ళూ కావాలని చేసినట్టు లేదు.

ఇప్పుడు ఆ "1874" సంగతి. మీరు పంపిన ఫొటోలో పైన "భావ నామ సంవత్సరం" అని ఉంది, ఇంగ్లీషు సంవత్సరం ఉండాల్సిన చోట చిరుగు. అమ్మేవాడు భావ అంటే 1874 అంటున్నాడు. నిజమే, 1874 ఉగాదికి వచ్చింది భావ. కానీ మన సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కదా, 1934 ఉగాదికి వచ్చిందీ భావే. కాబట్టి తెలుగు సంవత్సరం ఒక్కటే చూసి ఎప్పుడూ డబ్బు తీయకండి. తిథి, వారం, ఇంగ్లీషు తేదీ మూడూ కుదరాలి. ఏ తేదీ ఏ వారమో ఫోన్లో క్షణంలో తేలిపోతుంది, పాత పంచాంగం ఉంటే తిథి కూడా. మీ ఫొటోలో రెండో పేజీ మూల టాకీ ప్రకటన కనబడుతోంది. తెలుగులో మొదటి టాకీ 1932లో వచ్చింది. ఇక వేరే సాక్ష్యం ఎందుకు? అది 1934 నాటి పత్రిక. అయినా పారేయాల్సిందేం కాదు, 1934 ధరకైతే కొనండి.

నిజంగా 1874 నాటి వివేకవర్ధనే ఎవరైనా తెచ్చారనుకోండి, అప్పుడు చివరి పేజీ అడుగున చూడాలి. 1867లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి పత్రిక మీదా అచ్చువేసినవాడి పేరు, అచ్చువేసిన చోటు ఉండి తీరాల్సి వచ్చేది. చాలా పత్రికల్లో అది సన్న అక్షరాల్లో, తరచు ఇంగ్లీషులో, చివరి కాలమ్ కింద ఒక గీత గీసి ఉంటుంది. వివేకవర్ధని మొదట్లో మద్రాసులో అచ్చయ్యేది, రాజమండ్రిలో సొంత ప్రెస్సు పెట్టుకున్నది తర్వాత. కాబట్టి మొట్టమొదటి సంచిక అని చూపించేదాని అడుగున రాజమండ్రి ప్రెస్సు పేరుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. మీ పేరులేని వారపత్రికలకి కూడా ఇదే తాళంచెవి. తలకట్టు చిరిగినా అడుగున ఆ గీత కింద రెండు లైన్లు మిగిలి ఉంటే ఊరు, ప్రెస్సు, మనిషి తెలిసిపోతాయి.

ఆ గీత, దాని కింది లైన్లు అసలు లేకపోతే? రెండు దారులు. ఒకటి, అది పత్రికలో మధ్య కాగితం, చివరి పేజీ కాదు. రెండోది ఇంకా ఆసక్తికరం: అది దొంగచాటుగా వేసినది. 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, 1942లో కాంగ్రెస్ వాళ్ళు సైక్లోస్టైల్ (స్టెన్సిల్‌తో కాపీలు తీసే యంత్రం) మీద తీసి రాత్రికి రాత్రి పంచిన కాగితాలు ఉండేవి. వాటి మీద అచ్చువేసినవాడి పేరు రాస్తే పొద్దున్నే పోలీసు గుమ్మంలో ఉంటాడు. అక్షరాలు అలుక్కుపోయి, ఒకే వైపు సిరా ఉండి, మడతల దగ్గర నలిగిన పలచటి కాగితం మీ కట్టలో ఉంటే చిత్తుకాగితం అనుకుని పారేయకండి. అలాంటివి దినపత్రికల కంటే ఎన్నో రెట్లు అరుదు.

నకలు పట్టుకోవడానికి ఇంకో మూడు గుర్తులు చెబుతాను. మొదటిది చేతికి తెలుస్తుంది. సీసపు అక్షరాలతో అచ్చువేసిన కాగితం వెనకవైపు వేలితో మెల్లగా తడిమితే అక్షరాల ఒత్తుడు తగులుతుంది, ఏటవాలు వెలుతురులో పెడితే కళ్ళకీ కనబడుతుంది. భూతద్దంలో చూస్తే అక్షరం అంచున సిరా కాస్త చిక్కగా గట్టుకట్టినట్టు ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో తీసిన జ్ఞాపికకి ఆ గట్టు ఉండదు. స్కాన్ చేసి ప్రింటరు మీద తీసినదైతే సన్నటి చుక్కలు బయటపడతాయి. రెండోది ధర. 1957 ఏప్రిల్ వరకూ మనకి అణాలు, దమ్మిడీలే. నయా పైసలు ధర వేసిన పేపరు తెల్లవాళ్ళ కాలానిది కానే కాదు. మూడోది తపాలా రిజిస్టరు నంబరు, మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) అచ్చయిన పత్రికల మీద సాధారణంగా ఇంగ్లీషు ఎం అక్షరంతో మొదలవుతుంది. చందాదారు పేరు రాసిన కాగితపు చుట్ట, దాని మీద బిళ్ళా ముద్రా ఉంటే అస్సలు ఊడదీయకండి. పత్రిక ఏ ఊరికి ఏ దారిన వెళ్ళిందో చెప్పేది అదొక్కటే. యానాం వైపు దొరికేవాటి సంగతి వేరు. అక్కడ ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఉన్నారు కాబట్టి "తెల్లవాళ్ళ కాలం" లెక్క 1947తో ముగియదు.

మీ కృష్ణాపత్రికల్లో, ఆంధ్రపత్రికల్లో మధ్యమధ్య సంచికలు లేవని బాధపడ్డారు. పోయినవన్నీ పోయినవి కావు. 1910 చట్టంతో పత్రిక పెట్టాలంటే ప్రభుత్వానికి ధరావతు (డిపాజిట్) కట్టాల్సి వచ్చింది. 1930 ఏప్రిల్‌లో ప్రెస్సు ఆర్డినెన్సు రాగానే ధరావతు అడిగారని ఎన్నో జాతీయ పత్రికలు అచ్చు ఆపేశాయి. 1942 ఆగస్టులోనూ అంతే. యుద్ధకాలంలో కాగితం దొరక్క పేజీలు తగ్గిపోయాయి, అందుకని పలచగా ఉన్న 1943 సంచికను చూసి సగం పోయిందనుకోకండి. సంచిక నంబర్లు చూడండి: తేదీల్లో నెల ఖాళీ ఉన్నా నంబర్లు వరసగా ఉంటే ఆ నెల పత్రిక రాలేదన్నమాట. ఆ ఖాళీని "లేదు" అని కాక "వెలువడలేదు" అని రాసుకోండి. ఇది తేలేది వరస మొత్తం ఒకచోట ఉంటేనే. విడి సంచికలు ఏరి అమ్మేస్తే ఈ సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ప్రకటనల కోసం బైండు వాల్యూములు చీల్చి లోధ్ర ప్రకటన ఒకరికీ అమృతాంజనం ప్రకటన ఒకరికీ ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మొహమాటం లేకుండా చెప్తున్నా, వాళ్ళ దగ్గర కొనకండి.

చదివేటప్పుడు పెద్ద అక్షరాల వార్తలు వదిలి లోపలి పేజీలు చూడండి. ధాన్యం ధరలు, వేసవిలో కాలవలు కట్టేసే తేదీలు, కోర్టు వేలం ప్రకటనలు, కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళే స్టీమర్ల కబుర్లు, ఫలానా గ్రామంలో గ్రంథాలయ వార్షికోత్సవం జరిగిందన్న రెండు లైన్లు. మీ ఊరి చరిత్ర రాసేవాడికి కావలసింది ఇదంతా. చిన్న పత్రికల్లో ఏముండేదో తెలుసుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. దేశభాషా పత్రికల్లో ఏం రాస్తున్నారో మద్రాసు ప్రభుత్వం వారంవారం ఇంగ్లీషులో సారాంశం తీయించుకునేది. ఆ నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు పత్రిక చెదలపాలైనా తెల్లదొర కోసం తీసిన సారాంశం నిలిచింది. మీ వారపత్రిక ఏదో తేలాక అందులో దాని పేరు వెతకండి.

వెతకడానికి చోట్లు అడిగారు. పాత పుస్తకాల కొట్లు అందరూ చూస్తారు, అక్కడ ధర ఎక్కువ, వెనక కథ ఉండదు. నేనైతే పటాలు కట్టేవాళ్ళతో స్నేహం చేస్తాను. మనవైపు పాత ఇళ్ళలో దేవుడి పటాలు, తాతల ఫొటోలు విప్పితే అట్టకీ ఫొటోకీ మధ్య పేపరు మడతపెట్టి ఉంటుంది. గాజు, అట్ట మధ్య వెలుతురు తగలకుండా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ముట్టుకుంటే కొత్తదిలా ఉంటుంది. కొత్త ఫ్రేము వేసేటప్పుడు దాన్ని తీసి చెత్తలో వేస్తారు. అలాగే ట్రంకుపెట్టెల అడుగున పరిచినవి, కరణాల ఇళ్ళలో చిట్టా ఆవర్జాలకి (లెక్కల పుస్తకాలకి) అట్టలుగా అంటించినవి. అంటించినవాటిని మాత్రం మీరు ఊడదీయకండి. పాత బైండర్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. పురుగు పట్టకపోవడం నిజమే కానీ అందులోని రాగి కాగితాన్ని తినేస్తుంది. తడిపితే జిగురుతోపాటు కాగితమూ వస్తుంది.

ఇక దాచడం. ఇది చూస్తే ఎవరికైనా వింతగా ఉంటుంది: 1870ల నాటి పత్రిక ఇంకా మెత్తగా వంగుతుంది, 1940ల నాటిది అప్పడంలా విరిగిపోతుంది. పాత కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసినది. తర్వాత చవకగా కర్ర గుజ్జు వచ్చింది. కర్రలోని లిగ్నిన్ వెలుతురుకీ గాలికీ ఆమ్లమై పసుపెక్కుతుంది, కాగితం బిగుసుకోవడానికి కలిపిన పటిక దానికి తోడవుతుంది. లోపల్నించి వచ్చే ఈ జబ్బును ఆపలేం, నిదానింపజేయగలం.

మన డెల్టాలో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే బూజు పట్టడం మొదలవుతుంది. కాలవ గట్టున ఉన్న ఇంట్లో జూలై నుంచి నవంబరు దాకా అంతకంటే ఎక్కువే ఉంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని పేపర్లున్న గదిలో పెట్టండి. ఇనప బీరువా మంచిదే కానీ బయటి గోడకి ఆనించకూడదు, కింది అరలో పేపర్లు పెట్టకూడదు. 1986 ఆగస్టు వరదలోనూ, 1996 నవంబరు తుపానులోనూ కోనసీమ ఇళ్ళలో ఎన్ని కాగితాలు బురదైపోయాయో పెద్దవాళ్ళని అడగండి. నేలకి మూడడుగుల పైన, వీలైతే మేడ మీద, కానీ రేకుల కింద మాత్రం వద్దు. రేకుల వేడికి కాగితం ఇంకా తొందరగా ముసలిదవుతుంది.

బూజు వాసన వస్తోందని ఎండలో పరవకండి. మన పెద్దవాళ్ళ అలవాటు పప్పులకీ పరుపులకీ మంచిది, ఈ కాగితాలకి కాదు. నీడలో, ఫ్యాను గాలికి, ఫిబ్రవరి మార్చి నెలల పొడి రోజుల్లో ఆరబెట్టండి. బూజును మెత్తటి బ్రష్షుతో ఆరుబయట దులపండి, ముక్కుకి మాస్కు వేసుకుని. పురుగు ఉందని అనుమానమైతే పొడి కాగితాలను గట్టి పాలిథిన్‌లో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచి, బయటకి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు వదిలేయండి. వేపాకు పెట్టాలనిపిస్తే గుడ్డ మూటలో కట్టి పెట్టె మూలన పెట్టండి, కాగితాల మధ్యలో కాదు, మరక పడుతుంది. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరికి రానివ్వకండి. లామినేషన్ చేయించడమంటే ప్లాస్టిక్‌లో పెట్టి పాతిపెట్టినట్టే, మళ్ళీ బయటకి రాదు. మడతలు విప్పి, చదునుగా, ఆమ్లం లేని కాగితం మధ్యన పెట్టండి. అది దొరక్కపోతే పాలిస్టర్ షీట్లు వాడండి, పీవీసీ కవర్లు వద్దు. పెళుసుగా ఉన్న మడతను బలవంతంగా విప్పొద్దు. మరీ చిరిగినవాటికి జపాన్ టిష్యూ, గోధుమ జిగురుతో అతుకు వేసే కన్సర్వేటర్లు ఉన్నారు, వాళ్ళకి వదిలేయండి.

ఒక్కో పేజీ ఒక్కసారే ముట్టుకునేలా ఫొటో తీసి పెట్టుకోండి. రెండువైపులా సమంగా పడే పగటి వెలుతురు, పైనుంచి నిటారుగా కెమెరా, ఫ్లాష్ వద్దు. తర్వాత చదవడమంతా ఫొటోలోనే.

ధరల గురించి పెద్దగా చెప్పను. కొనేవాడి ముచ్చటను బట్టి మారుతుంది. తూకానికి అమ్మినదానికీ వేలంలో అమ్మినదానికీ పోలికే ఉండదు. విదేశాల్లో ఉన్న బంధువులు అడిగినా వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను, డెబ్బై అయిదేళ్ళు దాటిన చారిత్రక పత్రాలను బయటకి పంపడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది, తెలుసుకోకుండా కొరియరులో వేయకండి. ఎప్పటికైనా వదిలించుకోవాలనుకుంటే మొత్తం వరస కలిపి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో, పాత పత్రికలకి పేరుపడ్డ వేటపాలెం సారస్వత నికేతనానికో ఇవ్వండి. ఇచ్చే ముందు వాళ్ళ దగ్గర ఏ సంచికలు ఉన్నాయో అడిగి చూడండి, వాళ్ళ ఖాళీలు మీ కట్టతో పూడొచ్చు.

ప్రస్తుతానికి ఆ పేరులేని వారపత్రికల చివరి పేజీల అడుగుభాగం దగ్గరగా ఫొటో తీసి పంపండి. అచ్చువేసినవాడి లైను సగమైనా కనిపిస్తే ఏ ప్రెస్సుదో చెప్పడానికి చూస్తాను.